పాత 911కి వాల్వ్ సెట్టింగ్ వాయిదా వేయొచ్చా? ఇంజిన్‌లో చప్పుడేమీ లేదు

ఫ్రిస్కో చందు | శుక్రవారం రాత్రి 10:42

అందరికీ నమస్తే. నాది 1986 పోర్షె 911 కారెరా, 3.2 లీటర్ల ఎయిర్ కూల్డ్ ఇంజిన్. కొని మూడేళ్లయింది. మీటరు మీద ఇప్పుడు 94,600 మైళ్లు. పాత ఓనరు ఇచ్చిన ఫైలు మొన్న తీరిగ్గా తిరగేస్తే వాల్వ్ అడ్జస్ట్‌మెంట్ (వాల్వ్ కాడకీ, దాన్ని నొక్కే రాకరుకీ మధ్య గ్యాప్ సరిచేయడం) చేసిన బిల్లు ఒక్కటే కనిపించింది, 71,200 దగ్గర. ఆ తర్వాత ఆయన చేయించలేదు, నేనూ చేయించలేదు. మాన్యువల్ ప్రకారం ప్రతి 15,000 మైళ్లకీ చేయించాలట.

ఇక్కడ డాలస్‌లో ఒక షాపును అడిగితే 1,400 డాలర్లన్నారు. వచ్చే నెల టెక్సస్ హిల్ కంట్రీకి నలుగురం కలిసి డ్రైవ్‌కి వెళ్తున్నాం, 335, 336, 337 రోడ్ల మీద. హోటళ్లు బుక్ చేసేశాం. ఇంజిన్ బ్రహ్మాండంగా ఉంది. టకటకలు, టిక్ టిక్‌లు ఏమీ లేవు. నిజం చెప్పాలంటే కొన్నప్పటికంటే ఇప్పుడే నిశ్శబ్దంగా ఉంది. ట్రిప్ అయ్యాక ఎండాకాలంలో చేయిస్తే సరిపోదా? ఎనిమిది వేల మైళ్లు ఎటూ దాటిపోయాం, ఇంకో వెయ్యి దాటితే కొంపలు మునుగుతాయా?

ఎదురుమాట | శుక్రవారం రాత్రి 11:15

ఏం మునగవు. నాది 1983 911 ఎస్‌సీ. ఒకసారి 25,000 మైళ్లకి గానీ తెరవలేదు. తెరిస్తే పన్నెండింట్లో మూడు వాల్వులు కొంచెం లూజు, మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఈ ఇంజిన్లలో గ్యాప్ పెరగడమే ఎక్కువ, తగ్గేది తక్కువ. పెరిగితే చప్పుడొస్తుంది, చప్పుడొస్తే చేయించుకుంటాం. నెట్‌లో ప్రతివాడూ భయపెట్టేవాడే. ట్రిప్‌కి వెళ్లి రండి.

శనివారం మెకానిక్ | శుక్రవారం రాత్రి 11:58

చందు గారూ, ఒక్క విషయం అడుగుతాను. మీ పోస్టులో నన్ను భయపెట్టిన వాక్యం "కొన్నప్పటికంటే ఇప్పుడే నిశ్శబ్దంగా ఉంది" అన్నది. మెకానికల్ వాల్వులున్న ఇంజిన్ వయసు పెరిగేకొద్దీ నిశ్శబ్దమైపోతుంటే సంతోషించకూడదు.

వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఐడిల్, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, ఎలా ఉంది? పొద్దున చల్లగా స్టార్ట్ చేసినప్పుడు సంగతి కాదు, అరగంట గట్టిగా నడిపాక.

ఫ్రిస్కో చందు | శనివారం ఉదయం 7:20

మీరు అడిగారు కాబట్టి చెప్తున్నా, కొంచెం ఊగుతుంది. 880 దగ్గర ఉండాల్సిన ముల్లు 750కి పడి మళ్లీ లేస్తుంది. ఐడిల్ కంట్రోల్ వాల్వ్ మురికి పట్టి ఉంటుందని ఒకాయన చెబితే దాన్ని తీసి క్లీన్ చేశాను. కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఆటోనగర్ సుబ్బయ్య | శనివారం ఉదయం 8:05

అబ్బాయ్ చందూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై నాలుగేళ్లు పని చేసి మానేసినవాణ్ణి. నీ పోర్షెని ఎప్పుడూ ముట్టుకోలేదు, ఆ మాట ముందే చెప్తున్నా. కానీ ట్యాపెట్ (ఈ వాల్వ్ గ్యాప్‌కి మా షాపు మాట) ఏ ఇంజిన్‌లో అయినా ట్యాపెట్టే.

అంబాసిడర్ ట్యాక్సీల కాలం ఒకటుంది. పెట్రోలు ధర తట్టుకోలేక వంట గ్యాసు సిలిండరు డిక్కీలో పెట్టుకుని నడిపేవాళ్లు. తప్పే అనుకో, అందరూ చేసేవాళ్లు. ఆ బండ్ల హెడ్డులో వాల్వ్ సీటు కాస్ట్ ఐరనే, విడిగా గట్టి రింగు ఉండదు. పెట్రోల్లో సీసం ఉన్నన్నాళ్లూ అది సీటు మీద పొరలా పట్టి కాపాడేది. గ్యాసులో ఆ పొర ఎక్కడిది? సీటు అరిగిపోయి, వాల్వ్ హెడ్డులోకి దిగబడేది. వాల్వ్ పైకి పోతే దాని కాడ కూడా పైకొచ్చి రాకరుకి దగ్గరవుద్ది. గ్యాప్ మూసుకుపోద్ది. అంటే చప్పుడు తగ్గుద్ది.

డ్రైవర్లు నా దగ్గరకొచ్చి "బాబాయ్, ఇంజిన్ సెట్టయిపోయింది, ట్యాపెట్ సౌండే లేదు" అని టీ ఇప్పించేవాళ్లు. రెండు మూడు వారాలకి అదే బండి మూడు సిలిండర్ల మీద కుంటుకుంటూ వచ్చేది. హెడ్డు దించితే ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు ఎలక కొరికిన జంతికలా ఉండేది. అందుకే మా షాపులో కుర్రాళ్లకి మొదటి రోజే చెప్పేవాణ్ణి. లూజు ట్యాపెట్ అరిచి చెబుతుంది, టైటు ట్యాపెట్ చెప్పకుండా పోతుంది.

ఎదురుమాట | శనివారం ఉదయం 9:31

సుబ్బయ్య గారి అనుభవం మీద నాకు గౌరవమే. కానీ 911లో హెడ్డు అల్యూమినియం, సీట్లు గట్టి రింగులు. సీసం లేని పెట్రోలుతో దశాబ్దాలుగా నడుస్తున్నాయి. అంబాసిడర్‌తో పోలిక కుదరదు.

లెక్కల మేడం | శనివారం ఉదయం 10:12

పోలిక సీటు దగ్గర కుదరదు, వేడి దగ్గర కుదురుతుంది. చిన్న లెక్క చెప్తాను.

గట్టిగా నడుపుతున్న ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ వాల్వ్ తల 700 డిగ్రీల సెల్సియస్‌కి పైనే ఉంటుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం బయటికి పోయే దారి ఒక్కటే, వాల్వ్ మూసుకుని సీటుకి ఆనుకున్న క్షణాలు. కొంత కాడ మీదుగా గైడ్‌లోకి పోతుంది. 6,000 ఆర్పీఎం దగ్గర క్రాంక్ సెకనుకి వంద చుట్లు తిరుగుతుంది. ఒక వాల్వ్ తెరుచుకుని, మూసుకుని, మళ్లీ తెరుచుకోవడానికి రెండు చుట్లు కావాలి, అంటే 20 మిల్లీసెకన్లు. అందులో సుమారు మూడో వంతు తెరుచుకునే ఉంటుంది. మిగిలిన పదమూడు మిల్లీసెకన్లలోనే ఒళ్లు చల్లార్చుకోవాలి.

ఇప్పుడు గ్యాప్ సంగతి. 3.2లో చల్లటి ఇంజిన్ మీద ఇన్‌టేక్‌కీ ఎగ్జాస్ట్‌కీ 0.10 మి.మీ. ఉండాలి. ప్రింటర్‌లో పెట్టే మామూలు కాగితం మందం అంతే. 0.10 కాస్తా 0.05 అయినంత మాత్రాన వాల్వ్ కాలిపోదు, ఎదురుమాట గారు అన్నది అంతవరకు నిజమే. కానీ ఎండలో, ఎత్తు రోడ్ల మీద, మూడో గేరులో గంటసేపు నడిపితే వాల్వ్ కాడ సాగుతుంది. ఆ సాగుడుకి జాగా ఆ కాగితం మందమే. జాగా అయిపోతే వాల్వ్ సీటు మీద పూర్తిగా కూర్చోదు. కూర్చోకపోతే వేడి పోయే దారి మూసుకుపోతుంది, పైగా మండుతున్న గ్యాసు ఆ సందులోంచే దూసుకెళ్తుంది. వేడెక్కిన కొద్దీ సాగుతుంది, సాగిన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. గుండ్రంగా తిరిగే వ్యవహారం ఇది, ఒకసారి మొదలైతే నెమ్మదిగా ఏమీ జరగదు.

చందు గారి కారు వేడెక్కాకే ఐడిల్ తప్పుతోంది. నాకైతే అనుమానమే.

విటెక్ కుర్రాడు | శనివారం ఉదయం 11:40

నా కథ చెప్తా అన్నా, దీన్ని చూసైనా ఆగండి.

2001 హోండా ఎస్2000, ఫ్రీమాంట్‌లో ఉంటాను. రెండు లీటర్ల ఇంజిన్, 9,000 ఆర్పీఎం దాకా పరిగెత్తుతుంది. మాన్యువల్‌లో 105,000 మైళ్ల దగ్గర వాల్వ్ క్లియరెన్స్ చూడమని ఉంది. 98,000 దగ్గర ఒక షాపులో వేరే పనికి ఇచ్చినప్పుడు అడిగాను, ఇది కూడా చూసేయండి అని. "చప్పుడు లేదు కదా, అనవసరంగా ఎందుకు" అన్నారు. నాకూ డబ్బు మిగిలిందనిపించింది.

నేనేమో నెలకోసారి ట్రాక్‌కి వెళ్లేవాణ్ణి. మాన్యువల్ రాసినవాళ్లు ఆఫీసుకి వెళ్లొచ్చే మనిషిని మనసులో పెట్టుకుని రాశారు, నాలాంటివాణ్ణి కాదు. 112,000 దగ్గర ఒకరోజు పొద్దున స్టార్ట్ చేస్తే ఇంజిన్ వణికింది. ఇగ్నిషన్ కాయిల్ అనుకుని మార్చా. ప్లగ్గులు మార్చా. ఇంజెక్టర్లు క్లీన్ చేయించా. చివరికి కంప్రెషన్ (సిలిండర్ గాలిని నొక్కే ఒత్తిడి) చూస్తే మూడు సిలిండర్లు 220 దగ్గర, నాలుగోది 140. సిలిండర్‌లోకి గాలి పట్టిస్తే సైలెన్సర్ గొట్టంలోంచి బుస్స్‌మని వినిపించింది.

హెడ్డు దించితే నాలుగో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ అంచున చిన్న వేలిగోరంత ముక్క లేదు. మిగతా ఎగ్జాస్ట్‌లు కొలిస్తే ఉండాల్సిన 0.25–0.29 బదులు 0.17, 0.18. మొత్తం 3,900 డాలర్లయింది. ఆ రోజు సెట్ చేయించుకుని ఉంటే 300. అసలు ముక్క పిస్టన్ మీద పడకుండా గొట్టంలోంచి బయటికి పోవడం నా అదృష్టమని మెకానిక్ అన్నాడు.

ఇప్పుడు 25,000 మైళ్లకోసారి నేనే చేసుకుంటాను. ఎగ్జాస్ట్ ఎప్పుడూ 0.29 వైపే ఉంచుతాను.

మియాటా మౌనిక | శనివారం మధ్యాహ్నం 12:55

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది 2002 మియాటా. దీనికీ ఈ గొడవ ఉందా? హైడ్రాలిక్, అంటే గ్యాప్‌ని ఆయిల్ ఒత్తిడితో తనే సరిచేసుకునే రకం అని ఎవరో చెప్పారు.

శనివారం మెకానిక్ | శనివారం మధ్యాహ్నం 1:10

మౌనిక గారూ, 1997 వరకు వచ్చిన మొదటి తరం మియాటాల్లో హైడ్రాలిక్. మీది రెండో తరం, అందులో సాలిడ్ లిఫ్టర్లు. కాబట్టి ఉంది. కాకపోతే అవి చాలా కాలం కదలకుండా నిలబడతాయి, కంగారు పడకండి, ఈసారి వాల్వ్ కవర్ తీసినప్పుడు కొలిపించండి. 911లో హైడ్రాలిక్ 993 అనే తరంతో వచ్చింది. దాని ముందున్న 964 తరం దాకా అన్నీ చేత్తో సరిచేయాల్సిన స్క్రూ, లాక్ నట్టే.

ఇక ఎదురుమాట గారికి ఒక మాట. మీరన్నట్టు 911లో లూజు వాల్వులే ఎక్కువ కనిపిస్తాయి, నా 1988 కారులోనూ అంతే. రాకరు చివర తిరిగే పాదం ఉంటుంది కదా, అది అరుగుతుంది, రాకరు అరుగుతుంది, గ్యాప్ పెరుగుతుంది. దాన్ని కూడా తేలిగ్గా తీసుకోకండి. వాల్వుల్ని తెరిచే కామ్ మీద వాల్వ్‌ను మెల్లగా సీటు మీద దించడానికి ఒక వాలు ఉంటుంది. గ్యాప్ ఎక్కువైతే ఆ వాలు రాకముందే వాల్వ్ సీటు మీద పడిపోతుంది, సుత్తితో కొట్టినట్టు. 6,000 ఆర్పీఎం దగ్గర నిమిషానికి మూడు వేల సార్లు. వాల్వ్ కాడ చివర చితికి పుట్టగొడుగులా విచ్చుకుంటే గైడ్‌లోంచి బయటికి కూడా రాదు. అయినా లూజుకి టైముంది. టైటుకి లేదు. ఏది ఉందో తెరవకుండా తెలియదు.

చందు గారూ, తెరవడానికి ఇంకో కారణం కూడా ఉంది, మీ కారుకి ప్రత్యేకం. కింది వాల్వ్ కవర్లు తీసినప్పుడే హెడ్ స్టడ్లు (సిలిండర్ హెడ్డుని పట్టి ఉంచే పొడుగాటి బోల్టులు) కనిపిస్తాయి. 3.2లో ఎగ్జాస్ట్ వైపు స్టడ్లు డిలవార్ అనే మిశ్రలోహంతో చేసినవి, విరిగే అలవాటు వాటికి బాగా ఉంది. వాల్వ్ సెట్టింగ్ వాయిదా వేస్తే ఆ చూపు కూడా వాయిదా పడినట్టే.

ఫ్రిస్కో చందు | శనివారం రాత్రి 9:03

నిద్ర చెడగొట్టారు అందరూ కలిసి. విటెక్ తమ్ముడి 140 చూశాక ఇక కారు తీయబుద్ధి కావట్లేదు. ట్రిప్‌కి ముందే చేయిస్తా. కానీ షాపులో ఆరు వారాల దాకా ఖాళీ లేదట. నేనే చేసుకోగలనా? ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు మార్చిన అనుభవం ఉంది, అంతకు మించి లేదు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందేమోనని భయం.

శనివారం మెకానిక్ | ఆదివారం ఉదయం 6:48

చేసుకోవచ్చు. మొదటిసారి రెండు రోజులు పెట్టుకోండి. తొందర పడితే మాత్రం మీరన్న నాలుక సామెతే.

కారు రాత్రంతా కదపకుండా ఉంచండి, ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వెనక చక్రాలు తీసేస్తే చేతికి జాగా దొరుకుతుంది. పైన ఉన్నవి ఇన్‌టేక్, కింద ఉన్నవి ఎగ్జాస్ట్. పైవాటి కోసం హీటర్ గొట్టం, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీయాలి, ఏసీ కంప్రెసర్‌ను పక్కకి జరపాలి. ప్లగ్గులు తీసేస్తే ఇంజిన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ఆ అవకాశంలోనే లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి పట్టించి ఎంత శాతం కారిపోతోందో చూడటం) కూడా చేసేయండి, సెట్ చేయకముందు ఒకసారి.

పుల్లీ మీద జెడ్1 గుర్తుని కేసు కలిసే గీతకి తెచ్చి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి రోటర్ ఎటు చూస్తోందో చూడండి. అంచు మీద ఉన్న గాటువైపు చూస్తుంటే ఒకటో సిలిండర్ సిద్ధం. లేకపోతే ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. రోటర్ చూడకుండా గుర్తు ఒక్కటే నమ్మి మొత్తం తప్పు సెట్ చేసినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు. ఒకడు నేనే.

అక్కణ్నుంచి 120 డిగ్రీలకి ఒకటి చొప్పున 6, 2, 4, 3, 5. ఎప్పుడూ గడియారం తిరిగే దిక్కుకే తిప్పాలి.

ఆటోనగర్ సుబ్బయ్య | ఆదివారం ఉదయం 8:30

దానికి నా మాటలు కొన్ని జోడిస్తా. ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పల్చటి బ్లేడ్ల కట్ట) బ్లేడు వంగిందంటే పారెయ్. వంగిన బ్లేడు టైటుగా ఉన్నట్టు అబద్ధం చెబుద్ది. బ్లేడు లాగితే బిగువుగా రావాలి, పట్టుకోకూడదు. కొత్త నోట్ల కట్టలోంచి ఒక నోటు లాగినట్టుండాలి చేతికి. చెబితే రాదు, నాలుగైదు చేస్తే నీకే తెలుస్తుంది.

లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ దాంతోపాటు కొంచెం తిరుగుద్ది. స్క్రూడ్రైవర్ గట్టిగా పట్టుకుని బిగించు, బిగించాక మళ్లీ బ్లేడు పెట్టి చూడు. బిగించకముందు బాగున్నది బిగించాక బాగుండాలని లేదు. మా కుర్రాళ్లలో సగంమంది ఇక్కడే తప్పేవాళ్లు.

చేత్తో కదిపి చూసి సరిపోయిందనే మేస్త్రీలున్నారు మన దగ్గర. వాళ్ల చేయి వాళ్ల పాత బండ్లకి పని చేసి ఉండొచ్చు. నువ్వు కొలుచుకో.

కాస్ట్ ఐరన్ బుల్లెట్ | ఆదివారం ఉదయం 10:02

సుబ్బయ్య గారి ఆఖరి మాటకి చిన్న అభ్యంతరం. నా పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి ఫీలర్ గేజ్ అక్కర్లేదు. పుష్‌రాడ్‌ని వేళ్లతో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు, అంతే. కంపెనీ చెప్పిన పద్ధతే అది. టీ చల్లారేలోపు రెండు వాల్వులూ అయిపోతాయి. చందు అన్న పన్నెండు వాల్వుల కష్టం చూస్తే జాలేస్తోంది.

ఆటోనగర్ సుబ్బయ్య | ఆదివారం ఉదయం 10:09

బుల్లెట్ సంగతి వేరు నాయనా, ఒప్పుకుంటున్నా.

ఫ్రిస్కో చందు | తర్వాతి ఆదివారం రాత్రి 11:26

మొన్న శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టాను. ఇప్పుడే చేతులు కడుక్కున్నాను, గోళ్ల కింద ఇంకా నల్లగానే ఉంది. గరాజ్ నిండా ఆయిల్ వాసన. మా ఆవిడ లోపలికి వచ్చే తలుపు కింద తువ్వాలు అడ్డం పెట్టింది.

ముందు లీక్‌డౌన్. ఐదు సిలిండర్లు 5 నుంచి 8 శాతం మధ్య. రెండోది 19. సైలెన్సర్ దగ్గర చెవి పెడితే సన్నగా బుస వినిపించింది. అక్కడే కాళ్లు చల్లబడ్డాయి.

తర్వాత గ్యాప్‌లు. ఒకటో సిలిండర్ ఇన్‌టేక్‌లో 0.15 బ్లేడు కూడా తేలిగ్గా పోయింది. ఆరో సిలిండర్ వాల్వులు రెండూ సరిగ్గా ఉన్నాయి. ఎదురుమాట గారి మాటే నిజమయ్యేట్టుందే అనుకుంటూ రెండో సిలిండర్ కిందికి దూరాను. ఎగ్జాస్ట్‌లో 0.10 బ్లేడు దూరలేదు. బ్లేడు వంగిందేమోనని కొత్తది పెట్టాను. దూరలేదు. ఇంజిన్ గుర్తు తప్పానేమోనని రోటర్ మళ్లీ చూశాను, సరిగ్గానే ఉంది. 0.05 బలవంతంగా సగం పోయి ఆగింది. 0.04 పోయింది. వీపు కింద అట్టముక్క, ముఖం మీద ఆయిల్ చుక్కలు, చేతిలో 0.04 బ్లేడు. చాలాసేపు అలాగే పడుకుని దాన్నే లాగుతూ పెడుతూ ఉన్నాను.

మొత్తం మీద ఐదు లూజు, రెండు టైటు. రెండోది కాక ఐదో సిలిండర్ ఎగ్జాస్ట్ కూడా 0.06. మిగతావి బాగున్నాయి.

శనివారం మొత్తం సెట్ చేశాను. ఇవాళ పొద్దున మళ్లీ మొదటి నుంచి కొలిస్తే నాలుగు తప్పాయి. సుబ్బయ్య బాబాయ్ చెప్పినట్టే లాక్ నట్టు బిగింపులో జరిగినవి. వాటిని సరిచేసి, మూడోసారి కూడా తిరిగొచ్చాను.

ఇక అసలు విషయం. ఎడమవైపు కింది కవర్ తీస్తున్నప్పుడు ఏదో టంగుమని ట్రేలో పడింది. కవర్ నట్టు అనుకుని లెక్కపెట్టాను, అన్నీ ఉన్నాయి. వెతికితే పొడుగాటి నట్టు, దాన్లో విరిగిన స్టడ్ ముక్క. మూడో సిలిండర్‌ది. శనివారం మెకానిక్ గారూ, మీ నోట్లో ఏముందండీ.

శనివారం మెకానిక్ | తర్వాతి సోమవారం ఉదయం 5:55

నేను కోరుకోలేదు చందు గారూ. ఆ ముక్క పారేయకండి. విరిగిన చోట రంగు చూడండి, మొత్తం తుప్పు పట్టి నల్లగా ఉంటే విరిగి చాలాకాలమైంది. కొంత భాగం మెరుస్తుంటే ఈమధ్యదే.

ఒక స్టడ్ పోయినంత మాత్రాన రేపే ఇంజిన్ పేలదు. మూడో సిలిండర్ లీక్‌డౌన్ బాగానే ఉందన్నారు కదా. కానీ దాన్ని పట్టుకున్న నాలుగింట్లో ఇప్పుడు మూడే పని చేస్తున్నాయి. మిగతావాటిని సరిచూద్దామని రెంచి పెట్టి బిగించకండి, పాత డిలవార్ అక్కడే విరగొచ్చు. హెడ్డుకీ సిలిండర్‌కీ మధ్య నుంచి ఫుస్ ఫుస్ అని గ్యాసు చప్పుడు మొదలైతే ఆపేయండి. లీకవుతున్న హెడ్డుని అలాగే నడిపితే మెత్తటి అల్యూమినియంని ఆ గ్యాసు కోసేస్తుంది, అప్పుడు హెడ్డు కూడా మెషినింగ్‌కి పోతుంది.

ఇంజిన్ దించాల్సిందే, ఈ ఏడాదిలో. హిల్ కంట్రీ మాత్రం వద్దు.

ఎదురుమాట | తర్వాతి సోమవారం ఉదయం 9:14

చందు, నేను ట్రిప్‌కి వెళ్లిరమ్మన్నాను. ఆ 0.04 చదివాక నా సలహా వెనక్కి తీసుకుంటున్నా. ఐదు లూజున్నాయి కాబట్టి నేను పూర్తిగా తప్పు కాదని వాదించొచ్చు గానీ, ఆ రెండింటి ముందు ఐదింటి వాదన నిలబడదు. నా ఎస్‌సీ కూడా 19,000 దాటింది. ఈ వారం బ్లేడ్లు తెప్పిస్తున్నా.

లెక్కల మేడం | తర్వాతి సోమవారం ఉదయం 11:37

రెండో సిలిండర్ 19 శాతం సెట్ చేశాక వెంటనే తగ్గదు. సీటు మీద చారలో, కార్బనో ఉండి ఉంటుంది. రెండు మూడు వందల మైళ్లు నెమ్మదిగా, ఎక్కువ ఆర్పీఎంకి పోకుండా నడిపి మళ్లీ కొలవండి. తగ్గుతూ ఉంటే వాల్వ్ బతికింది. అంతే ఉన్నా, పెరిగినా అంచు కాలడం మొదలైందన్నమాట.

ఫ్రిస్కో చందు | మూడు వారాల తర్వాత, ఆదివారం మధ్యాహ్నం 3:18

అప్‌డేట్. 280 మైళ్లు నడిపాను, 4,000 ఆర్పీఎం దాటకుండా. వేడెక్కాక ఐడిల్ ఇప్పుడు 880 దగ్గర కదలకుండా నిలబడుతోంది. మూడేళ్లుగా ఇదే దాని స్వభావం అనుకుంటూ వచ్చాను. ఇంజిన్‌లో ఇప్పుడు సన్నగా టిక్ టిక్ వస్తోంది, కుట్టు మిషన్ దూరంగా ఆడుతున్నట్టు. మొదటి రోజు ఆ చప్పుడు విని కంగారు పడి ఆపేశాను కూడా.

రెండో సిలిండర్ లీక్‌డౌన్ 19 నుంచి 11కి వచ్చింది. బుస దాదాపు లేదు. ఒక కవర్ దగ్గర ఆయిల్ చెమ్మ కనిపిస్తే నట్లు 8 న్యూటన్ మీటర్లకి సరిచూశాను. తెలియక కొన్నింటికి పాత వాషర్లే వేశాను, అవీ మార్చాలి.

స్టడ్ విరిగిన చోట పూర్తిగా నల్లగా ఉంది. అంటే నేను కొనకముందే విరిగి ఉండొచ్చు. కొనేటప్పుడు చేయించిన ఇన్‌స్పెక్షన్‌లో కింది కవర్లు ఎవరూ తీయలేదు, నేనూ అడగలేదు. అందుకని సెప్టెంబర్‌లో ఇంజిన్ దించుతున్నాం. స్టడ్లన్నీ మార్చడం, వాల్వ్ గైడ్లు చూడటం, రెండో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ కొత్తది. శనివారం మెకానిక్ గారు హ్యూస్టన్ నుంచి వస్తానన్నారు. హిల్ కంట్రీకి నలుగురం మా ఒడిస్సీ వ్యాన్‌లో వెళ్లొచ్చాం. 337 మీద వంపు వచ్చినప్పుడల్లా వెనక సీట్లోవాళ్లు నన్ను చూసి నవ్వారు.

ఆటోనగర్ సుబ్బయ్య | మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 8:50

టిక్ టిక్ వస్తోందన్నావ్, ఇక నేను నిద్రపోతా. ఇంజిన్ దించినప్పుడు ఆ రెండో నంబరు వాల్వ్ ఫొటో పెట్టు అబ్బాయ్, అంచు దగ్గర్నుంచి తియ్యి. ఎంతవరకు వచ్చి ఆగిందో చూడాలి.